కాపలా కుక్కకు పచ్చిమాంసము : ఎంచుకొనుటలో మెలకువలు

ఆదివారమునాడు ఉదయము పెదకూరపాడులో గాని, చుట్టుపట్ల ఏ గ్రామములో గాని మాంసపు కొట్టు వద్ద కొంచెముసేపు నిలిచి చూడుడు. పొట్టేలును కోసి, తోలు తీసి, కడుపు చీల్చిన వెంటనే కొట్టువాడు ఊపిరితిత్తులను, కార్జమును చేతపట్టి త్రిప్పి చూచును. శుభ్రముగా నున్నదానిని తూకమునకు ఉంచును. నీటిబుగ్గలు కనబడిన ముక్కను మాత్రము కోసి ప్రక్కకు విసరును. అది నేల తాకీ తాకకముందే కుక్క అందుకొనును. కొందరు రైతులు ఆ ముక్కలనే సంచిలో వేయించుకొని ఇంటి కుక్కకు తీసికొని పోవుదురు. మనకు పనికిరానిది కుక్కకైనను పనికి వచ్చినది గదా యని వారి అభిప్రాయము.

రైతు సోదరులారా, ఈ ఒక్క అలవాటు మానుకొన్నచో ఈ వ్యాసము వ్రాసిన పని సగము నెరవేరినట్లే. ఆ బుగ్గలున్న కార్జమును పొరపాటున మనిషి తిన్నను ఆ వ్యాధి అతనికి అంటదు. కుక్క తిన్నచో మాత్రము కుక్క ద్వారా ఇంటిల్లిపాదికిని, మందలోని గొర్రెలకును అంటును. వినుటకు వింతగా నుండును గాని, ఇది పరీక్షించి తేల్చిన సంగతి.

ఆ బుగ్గలు ఉత్త నీరు కావు. ఒక్కొక్క తిత్తి లోపలి పొరపై ఇసుక రేణువులవలె సన్నని పురుగు తలలు వందలు, వేలు ఉండును. పచ్చి తిత్తిని కుక్క మ్రింగగనే ఆ తలలు దాని చిన్నప్రేగు గోడను పట్టుకొని బద్దెపురుగులుగా పెరుగును. బద్దెపురుగనగా మూరెడు పొడవున ఊహించుకొనవద్దు. ఇది అర అంగుళమైనను ఉండదు, బియ్యపు నూక యంత. కనుకనే కుక్క పెంటలో అది కంటికి ఆనదు. వేలకొలది పురుగులున్నను కుక్క చిక్కదు, అరుపు తగ్గదు, కాపలా మానదు. అయిదు నుండి ఏడు వారములకు పురుగు గ్రుడ్లు కుక్క పెంటతో బయటపడసాగును. ఆ గ్రుడ్లు పచ్చికమీద పడిన గొర్రె మేసి తెచ్చుకొనును. కుక్క ఒంటి వెండ్రుకలకు, మూతికి అంటిన, దానిని నిమిరి చేయి కడుగని పిల్లవాడు నోటిలో వేసికొనును. పెరటి తోటకూర మీద పడిన, సరిగా కడుగని కూరతో మన కడుపులోనికి వచ్చును.

మనిషి కడుపులో చేరిన గ్రుడ్డు పురుగు కాదు, తిత్తి యగును. కార్జములోనో ఊపిరితిత్తిలోనో కుదురుకొని ఏండ్ల తరబడి మెల్లగా పెరుగును. నొప్పి తెలియునప్పటికి కొబ్బరికాయంత యైనను ఆశ్చర్యము లేదు. లోపల పగిలినచో ప్రాణాపాయము. పలువురికి శస్త్రచికిత్స చేయవలసి వచ్చును. మన దేశములో ఈ వ్యాధి ఎక్కువగా కనబడు ప్రాంతములలో ఆంధ్రను, తమిళనాడును వైద్యగ్రంథములు పేర్కొనుచున్నవి. గొర్రెల మంద, దానివెంట కుక్క, కుక్కకు పచ్చి కార్జము, ఈ మూడును కలిసినచోట ఈ వ్యాధికి కొదవ యుండదు. మాచర్ల, గురజాల వైపు మందలు మన చేలలోనికి వచ్చునప్పుడు వాటివెంట కుక్కలు కూడ వచ్చుననుట మీరెరిగినదే.

జర్మను శాస్త్రజ్ఞుడు సీబోల్డ్ 1852లో గొర్రె తిత్తులను కుక్కలకు తినిపించి వాటి ప్రేగులలో ఈ పురుగు పెరుగుట కనుగొనెను. ఆ తరువాతి కథ ఐస్‌లాండ్ అను చలిదేశమునది. అదియును గొర్రెల దేశమే. 1863లో క్రాబె అను డెన్మార్కు వైద్యుడు అచటికి పోయి నూరు కుక్కలను కోసి చూడగా 28 కుక్కలలో ఈ పురుగు దొరికినది. ఆయన చిన్న పుస్తకమొకటి వ్రాసెను. మరుసటి యేడు దానిని ఆ దేశభాషలో అచ్చువేసి ఇంటింటికి ఉచితముగా పంచిరి. చలికాలపు రాత్రులలో ఇంటివారందరు కూర్చుండగా ఒకరు పైకి చదువుట ఆ దేశపు అలవాటు. కనుక పుస్తకము అటకమీద పడియుండలేదు. అందులోని ముఖ్యమైన మాట ఒక్కటే: తిత్తులున్న భాగమును కాల్చుడు లేదా పూడ్చుడు, కుక్కకు వేయకుడు. 1890లో చట్టమును చేసిరి. తరువాతి తరములలో ఆ వ్యాధి అచట అంతరించినది. అప్పటికి దీనికి గట్టి మందు లేదు, టీకా లేదు. కత్తి పట్టినవాడు ముక్కను ఎటు విసరవలెనో నేర్చుకొనెను, అంతే.

కార్జము తరువాత చెప్పవలసినది తలకాయ. గొర్రె తల ఒకవైపునకు వంచి, ఉన్నచోటనే గుండ్రముగా తిరిగి తిరిగి పడిపోవుట కాపరులందరు చూచినదే. దాని మెదడులో కోడిగ్రుడ్డంత నీటితిత్తి యుండుట కద్దు. అదియు వేరొక బద్దెపురుగు పిల్లయే. అట్టి గొర్రెను కోసి తలను కుక్కకు పగులగొట్టి వేసిన కాపరి వచ్చే ఏటికి మరి నాలుగు తిరుగుడు గొర్రెలను తన చేతులతో తయారు చేసికొన్నవాడగును.

గేదె ఈనినప్పుడు మాయను ఏమి చేయుచున్నారు? పలుచోట్ల దిబ్బమీద పారవేయుదురు, కుక్కలు లాగుకొని పోవును. పాడి రైతుకు ఇది మిక్కిలి నష్టము తెచ్చు పని. గొడ్లను ఈడ్చుకొను నియోస్పోరా అను సూక్ష్మజీవి 1988లో గుర్తింపబడినది. అది పెంటలో బయటపడుట కుక్కద్వారా జరుగునని 1998లో రుజువైనది. కుక్క పచ్చి మాయను, ఈడ్చుకొనిన పిండమును తినును. తరువాత గడ్డివాములోనో మేతతొట్టి వద్దనో పెంట పెట్టును. ఆ మేత తిన్న చూడి గొడ్డు ఈడ్చుకొనును. బ్రూసెల్లా వ్యాధితో ఈడ్చుకొనిన గొడ్డు మాయను కుక్క ఈడ్చిన మేర ఆ రోగము కూడ చల్లబడును. కావున మాయను, చచ్చి పుట్టిన దూడను ఎంత రాత్రియైనను గోయి తీసి సున్నము చల్లి పూడ్చవలెను. చేతికి తొడుగు లేనిదే వాటిని తాకరాదు.

చచ్చిన పశువు విషయమున రెండు మాటలు. పశువు ఉన్నట్టుండి చచ్చి, ముక్కునుండి గుదమునుండి గడ్డకట్టని నల్లని రక్తము కారినచో అది దొమ్మ రోగమని అనుమానింపవలెను. దానిని కోయరాదు, తోలు తీయరాదు, కుక్కను దరి చేరనీయరాదు. వెంటనే పశువైద్యునికి కబురు పంపవలెను. రెండవది మందు చల్లిన చేలో మేసి చచ్చిన గొర్రె, మేక. ప్రత్తికి, మిరపకు మనము చల్లు మందులు ఎంతటివో మీకు వేరుగ చెప్పనక్కరలేదు. అట్లు చచ్చినదాని కడుపును, కార్జమును కుక్కకు వేసినచో ఆ రాత్రికే కుక్కయు నురుగు కక్కి చచ్చును. ఎలుకల మందు తిని చచ్చిన ఎలుకయు అంతే. వెనుక ఊరిబయట పారవేసిన కళేబరమును రాబందులు గంటలలో తిని తుడిచివేసెడివి. డైక్లోఫినాక్ మందు వాడిన పశువుల కళేబరములు తిని అవి దేశమంతట నశించినవి. పశువులకు ఆ మందు వాడుటను 2006లో నిషేధించిరి గాని రాబందులు తిరిగి మన ఊళ్లకు రాలేదు. ఇప్పుడా కళేబరము కుక్కల పాలు. అచట గుంపుకట్టిన కుక్కలు పిచ్చికుక్క కాటునకు లోనైన ఊరంతటికి ముప్పు.

ఇక కోడి. కోడిపందెము పేరు చెప్పి యుద్ధము దాక పోయిన నాడు మనది. కోడిని గురించి పల్నాటివారికి చెప్పుట సాహసమే. అయినను 2025 సంగతి మరువరాదు. ఆ యేడు మొదట గోదావరి జిల్లాలలో బర్డ్‌ఫ్లూ సోకి కోళ్లు చచ్చినవి. మార్చిలో మన పల్నాడు జిల్లాలోనే ఒక చిన్నారి ఆ వ్యాధితో మంగళగిరి ఎయిమ్స్ ఆసుపత్రిలో మరణించినది. అంతకుముందు పచ్చి కోడిమాంసపు ముక్క తిన్నదని పత్రికలలో వచ్చినది. ఆ వ్యాధి పచ్చిమాంసము తిన్న పిల్లులకు, అరుదుగా కుక్కలకు కూడ సోకిన దాఖలాలు ఇతర దేశములలో గలవు. కోళ్లు వరుసగా చచ్చుచున్నప్పుడు, అది కొక్కెర రోగమేనని మీరనుకొన్నను, చచ్చిన కోడిని కుక్కకు విసరకుడు. కొట్టునుండి తెచ్చు కోడి తలలు, కాళ్లు, ప్రేగులు మంచి తిండియే గాని లోపలి దాక ఉడుకవలెను. పచ్చి కోడిమాంసము మీది సాల్మొనెల్లా క్రిములకు కుక్క తట్టుకొన్నను, ఆ గిన్నె కడిగిన చేతితో అన్నము తిన్న పిల్లవాడు తట్టుకొనలేడు.

పచ్చి చేపలు కొన్నింటిలో, ముఖ్యముగా బొచ్చె, రవ్వ జాతివానిలో, బి1 విటమినును చెరచు పదార్థము గలదు. పచ్చి గ్రుడ్డు తెల్లసొనయు మరొక విటమినును కట్టివేయును. ఉడికించిన ఈ రెండు దోషములును పోవును. ఎప్పుడో ఒక గ్రుడ్డు తాగిన కుక్కకు ఏమియు కాదు. దినమును అదే పెట్టరాదు.

గుంటూరు, విజయవాడలలో జాతికుక్కలను పెంచువారు కొందరు, కుక్క తోడేలు సంతతి కావున పచ్చిమాంసమే దాని సహజాహారమని వాదించుచున్నారు. ఈ వాదము 1993లో ఆస్ట్రేలియా పశువైద్యుడు బిల్లింగ్‌హర్స్ట్ వ్రాసిన పుస్తకముతో దేశదేశములకు ప్రాకినది. అమెరికా పశువైద్య సంఘము 2012లోనే క్రిములను చంపని పచ్చిమాంసమును పెట్టవద్దని చెప్పినది. ఇక తోడేలు మాట. 2013లో స్వీడను శాస్త్రజ్ఞులు చూపినది గమనింపుడు: గింజలలోని పిండిపదార్థమును జీర్ణము చేసికొను శక్తి తోడేలుకంటె కుక్కకు చాల హెచ్చు. అనగా వేల యేండ్లుగా మన సంకటి తిని తిని కుక్క మన యింటి ప్రాణి యైనది. పల్లెటూరి ముసలమ్మ పెట్టు జొన్నసంకటి, మజ్జిగ తక్కువ తిండి యని సిగ్గుపడ నక్కరలేదు. వట్టి మాంసమే పెట్టి పెంచిన కుక్కపిల్లకు సున్నపు పదార్థము చాలక కాళ్లు వంకరపోవును, ఎముకలు పెళుసెక్కును.

పదునైదు కిలోల బరువుగల పెద్ద కుక్కకు దినమునకు పావుకిలో జొన్నపిండి సంకటి గాని, అంత బియ్యపు అన్నము గాని, నూరు నుండి నూటయేబది గ్రాముల ఉడికిన మాంసమో ప్రేగులో కలిపి రెండు పూటలుగా పెట్టిన చాలును. ఎండబెట్టి నూరిన గ్రుడ్డు పెంకుపొడి అర టీచెంచా కలుపుడు. ప్రక్కటెముకలు చేతికి తగులవలెను, కంటికి కనబడరాదు. దానినిబట్టి హెచ్చించుటో తగ్గించుటో చేయుడు. ఉల్లి, వెల్లుల్లి వేసిన కూరలు పెట్టకుడు, అవి కుక్క రక్తమును చెరచును. ఉడికిన కోడి బొమికలు సూదులుగా విరిగి గొంతున గ్రుచ్చుకొనును.

పచ్చిది పెట్టియే తీరుదుమను వారికి: కార్జము, ఊపిరితిత్తి, గుండె, తలకాయ, ప్రేగులు పచ్చివి ఎన్నడును పెట్టకుడు. వీటిని అరగంట తెర్లించినచో తిత్తులలోని పురుగు చచ్చును. కండమాంసము మాత్రము ఆరోగ్యమైన జంతువును కోసినదై, సున్నకు దిగువ పది డిగ్రీల చలిలో పది దినములు గడ్డకట్టినదైన కండలోని బద్దెపురుగు పిల్లలు నశించును. సాల్మొనెల్లా దానితో చావదు. ఇంటి ఫ్రిజ్‌లో మంచు అర అంత చలి నిలుపునో లేదో, పైగా కరెంటు పోయినప్పుడు ఏమగునో మీరే ఆలోచింపుడు. పొయ్యి చవుక, నమ్మకము.

ఇదివరకే పచ్చి కార్జము తిన్న కుక్కకు పశువైద్యుని సలహాతో ప్రాజిక్వాంటెల్ మాత్ర ఇప్పింపవలెను. కిలో బరువునకు 5 మిల్లీగ్రాముల చొప్పున ఒక్క మోతాదు. మందవెంట తిరుగు కుక్కలకు నెలన్నరకు ఒకసారి. పురుగు గ్రుడ్లు పెట్టుటకు పట్టు కాలము దాదాపు అంతే గనుక ఈ గడువు. ఈ మాత్ర పురుగును చంపును గాని గ్రుడ్లను చంపదు. కావున మాత్ర వేసిన నాటి నుండి రెండు దినములు కుక్కను కట్టివేసి, ఆ పెంటను పారతో ఎత్తి కాల్చవలెను లేదా లోతుగా పూడ్చవలెను. దిబ్బలో వేయరాదు, అది తిరిగి చేనికే పోవును.

గ్రామాధికారులకు ఒక మనవి. మాంసపు కొట్టు వెనుక మూడు నాలుగడుగుల గోయి, దానిపై కుక్క ఎత్తలేని బరువైన మూత, చుట్టును ముళ్లకంచె, ఇవి పెద్ద ఖర్చు పనులు కావు. తిత్తులున్న ముక్క కొట్టువాని చేతినుండి నేరుగా ఆ గోతిలో పడునట్లు పంచాయతీవారు కట్టడి చేయవచ్చును. దసరాకు, జాతరలకు ఇంటింట పొట్టేళ్లు తెగు దినములలో ఒక గోయి చాలదు. పేటకొకటి ముందే త్రవ్వించి, అవి ఎక్కడెక్కడ ఉన్నవో చాటింపు వేయించవలెను.