ఛాయాచిత్రంలో లేని సాహసం

ఒడ్డున పడి పగిలిన పొగ ఓడ ఛాయాచిత్రంలో మనకు కనిపించేది ఇనుమే. వంగిన రేకులు, ఒరిగిన స్తంభం, ఏమీ ఎరుగనట్లున్న సముద్రం. అటువంటి చిత్రం తుఫాను వెలిసిన పిదప తీసినది. అసలు కథ అప్పటికే ముగిసి ఉంటుంది. అండమాన్ దీవులలో 1891లో ధ్వంసమైన ‘ఎంటర్‌ప్రైజ్’ కథ అటువంటిది.

ఎంటర్‌ప్రైజ్ ప్రభుత్వ నౌకాశాఖకు చెందిన పొగ ఓడ. 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్ ఆనాడు ద్వీపాంతర శిక్ష పడినవారి నివాసం. 1858 మార్చి 10న రెండు వందల మంది ఖైదీలతో అది ఆరంభమైనది. 1879 నాటి రంప పితూరీలో పట్టుబడిన మన మన్యం వారు కొందరు ఈ దీవులకే వచ్చారు. సెల్యులార్ జైలు అప్పటికింకా లేదు. దాని నిర్మాణం 1896లో మొదలైనది. స్త్రీ ఖైదీలకు మాత్రం రేవుకు సమీపాన, సౌత్ పాయింట్ వద్ద ప్రత్యేకమైన జైలు ఉండేది. నేత, కుట్టు వారి నిత్యకృత్యాలు. కొన్నేళ్లు గడిచాక అధికారుల అనుమతితో ఖైదీ పురుషులను వివాహమాడి సంసారం సాగించే అవకాశం ఉండేది.

నవంబరు మాసంలో అండమాన్ సముద్రాన్ని నమ్మరాదని తెలుగువారికి వేరే చెప్పనక్కరలేదు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన తుఫాను ఆ దిక్కునుండి వచ్చినదే. 1891 నవంబరు ఆరంభంలో అటువంటి ప్రభంజనమే పోర్ట్ బ్లెయిర్‌పై విరుచుకుపడినది. అమావాస్య రోజులు కావడం వల్ల వెన్నెల ఆసరా సైతం లేదు. ఎంటర్‌ప్రైజ్ సౌత్ పాయింట్ వద్ద తీరానికి కొట్టుకుని చితికిపోయినది. అందులోని 83 మందిలో 77 మంది మరణించారు.

మిగిలిన ఆరుగురిని రక్షించినది ఆ జైలులోని స్త్రీలే. వారి వద్ద పడవ లేదు, శిక్షణ లేదు. ఒకరి చేయి ఒకరు పట్టుకుని గొలుసుగా నిలిచి, విరుచుకుపడే కెరటాలలోకి దిగి, కొట్టుకుపోతున్న నావికులను ఒడ్డుకు లాగారు. ఆ గొలుసులో ఒక్కరి పట్టు సడలినా ముందున్నవారు సముద్రం పాలయ్యేవారే.

వీరందరూ న్యాయస్థానాలు నేరస్థులని తీర్పు చెప్పి, సముద్రం దాటించి పంపినవారు. ఆ సముద్రమే ఒక రాత్రి కొందరు అపరిచితులను వారి ముంగిటికి విసిరినది. రక్షింపబడినవారు తమను బంధించిన ప్రభుత్వానికి చెందిన నావికులే. ఆ స్త్రీలు ఆ లెక్క చూడలేదు. మునిగిపోతున్న మనుషులను మాత్రమే చూశారు.

తీరాన ఒరిగిన ఓడను ఛాయాచిత్రాలలో చూచేటప్పుడు, ఆ ఇనుముకూ ఒడ్డుకూ నడుమనున్న నీటిని కూడా ఒక్క క్షణం చూడాలి. సౌత్ పాయింట్ స్త్రీలు చేతులు కలిపి నిలిచినది అక్కడే.