ఫ్రెంచి కెనడియనుల ఇంటిపేర్లు, వంశావళి శోధన

ఫ్రెంచి కెనడియనులు 17, 18 శతాబ్దాలలో ఉత్తర అమెరికాలోని "నూతన ఫ్రాన్సు" వలస ప్రాంతంలో స్థిరపడిన ఫ్రెంచివారి సంతతి. వీరిలో అత్యధికులు కెనడాలోని క్యుబెక్ రాష్ట్రంలో నివసిస్తున్నారు. కాథలిక్ చర్చి రిజిస్టర్లు చాలావరకు భద్రంగా ఉన్నందువలన, తొలి వలసదారుని వరకు తమ వంశాన్ని గుర్తించడం వీరిలో అనేకులకు సాధ్యమవుతున్నది. అయితే వీరి నామకరణ ఆచారాలు తెలియనిచో ఒకే కుటుంబం రెండు కుటుంబాలుగా, ఒకే వ్యక్తి ఇద్దరుగా కనిపించే ప్రమాదమున్నది.

వలస చరిత్ర

1608లో సామ్యూల్ ద షాంప్లేన్ క్యుబెక్ నగరాన్ని స్థాపించాడు. 1663-1673 మధ్య ఫ్రాన్సు రాజు 14వ లూయీ ఖర్చుపై సుమారు 800 మంది స్త్రీలు వివాహార్థం ఇక్కడకు వచ్చారు. వీరిని "రాజు కుమార్తెలు" అంటారు. 1665లో వచ్చిన కారిన్యాన్-సాలియేర్ పటాలంలో సుమారు 400 మంది ఇక్కడే స్థిరపడ్డారు. 1666లో జాన్ తాలోన్ జరిపించిన జనగణనలో 3,215 మంది నమోదయ్యారు. 1763 నాటి పారిస్ ఒప్పందంతో ఈ ప్రాంతం బ్రిటన్ వశమైన తరువాత ఫ్రాన్సు నుండి వలస దాదాపు ఆగిపోయినది. కనుక నేటి లక్షలాది కుటుంబాలకు మూలం కొన్ని వేలమంది వలసదారులే.

"ది" పేర్లు

ఫ్రెంచి భాషలో "ది" అనగా "అనబడే" అని అర్థం. అసలు ఇంటిపేరు తరువాత ఈ మాటను చేర్చి రెండవ పేరు వ్రాసేవారు. సైన్యంలో పెట్టుకొన్న మారుపేర్లు (లాఫ్లర్ - పువ్వు, సాన్‌సూసీ - చింతలేనివాడు), స్వస్థలాల పేర్లు, భూముల పేర్లు ఇట్లు వాడుకలోకి వచ్చినవి. కాలక్రమంలో ఒక సోదరుని సంతతి మొదటి పేరును, మరొకరి సంతతి రెండవ పేరును నిలుపుకొనడం సాధారణం.

1900లో లెవీ పట్టణంలో ప్రసిద్ధ సహకార పరపతి సంఘాన్ని స్థాపించిన అల్ఫోన్స్ దెజార్దాన్ (1854-1920) ఇందుకు ఉదాహరణ. ఆయన తండ్రి పేరు ఫ్రాన్స్వా ర్వా ది దెజార్దాన్, తల్లి పేరు క్లారిస్ మివిల్ ది దెషేన్. ఆయన పూర్వీకులను "దెజార్దాన్" అన్న పేరుతో మాత్రమే వెదికినచో "ర్వా" అన్న పేరుతో ఉన్న నమోదులు దొరకవు.

బాప్తిస్మపు పేర్లు

మగపిల్లలకు జోసెఫ్, ఆడపిల్లలకు మరీ అన్న పేర్లను ముందు చేర్చడం ఆచారం. తరువాత జ్ఞాన తల్లిదండ్రుల పేరు ఉండవచ్చును. నిత్యం పిలిచే పేరు సాధారణంగా చివర వస్తుంది. కనుక సోదరులందరూ రిజిస్టరులో జోసెఫ్‌లుగా కనిపించవచ్చును. చనిపోయిన బిడ్డ పేరును తరువాత పుట్టినవారికి పెట్టడం కూడా ఉన్నది. అందుచేత బాప్తిస్మపు నమోదు దొరికినంత మాత్రాన అది వెదుకుతున్న వ్యక్తిదేనని నిర్ధారించరాదు. ఖనన నమోదులను కూడా చూడవలెను.

శోధన విధానం

రిజిస్టర్లలో స్త్రీలు వివాహానంతరం కూడా పుట్టింటి పేరుతోనే నమోదయ్యేవారు. వివాహ నమోదులో సాధారణంగా వధూవరులిరువురి తల్లిదండ్రుల పేర్లు ఉంటాయి. కాబట్టి ఒక వివాహం నుండి దాని ముందుతరం వివాహానికి వెళ్ళడం ప్రధాన పద్ధతి. దీనివలన తల్లివైపు వంశం కూడా తెలుస్తుంది. పునర్వివాహ నమోదులలో తల్లిదండ్రులకు బదులు గతించిన భార్య లేక భర్త పేరు మాత్రమే ఉండవచ్చును. అప్పుడు మొదటి వివాహ నమోదును గాని, నోటరీల వద్ద వ్రాయించుకొన్న వివాహ ఒప్పందాలను గాని చూడవలెను.

1640లో క్యుబెక్ చర్చి అగ్నిప్రమాదంలో తొలి రిజిస్టర్లు కాలిపోయినవి. 1679 నుండి రిజిస్టర్లను రెండు ప్రతులుగా ఉంచినందున తరువాతి నష్టం తగ్గినది. మతాధికారి సిప్రియాన్ తాంగే 1871-1890 మధ్య 7 సంపుటాల వంశావళి నిఘంటువును ప్రచురించాడు. మాంట్రియల్ విశ్వవిద్యాలయంలో 1966లో మొదలైన చారిత్రక జనాభా పరిశోధన ఈ నమోదులను కంప్యూటరు నిధిగా కూర్చినది.

అమెరికా సంయుక్త రాష్ట్రాలకు తరలిన కుటుంబాలలో కొన్ని తమ పేర్లను ఆంగ్లంలోనికి మార్చుకొన్నవి: ర్వా "కింగ్"గా, లబ్లాన్ "వైట్"గా, బ్వావేర్ "గ్రీన్‌వుడ్"గా మారినవి.

ప్రాముఖ్యత

ఈ శోధన వైద్యానికి కూడా తోడ్పడుతున్నది. కొద్దిమంది మూలపూర్వీకుల నుండి విస్తరించిన సాగ్నే-లాక్ సేంజాన్ ప్రాంతంలో టైరోసినీమియా వంటి వంశపారంపర్య వ్యాధులు ఇతర ప్రాంతాల కంటే ఎక్కువ. 1972లో ప్రారంభమైన బల్సాక్ వంశావళి నిధి ఇటువంటి వ్యాధుల వ్యాప్తిని తరతరాల వెనుకకు పరిశీలించడానికి ఉపయోగపడుతున్నది. ఇంటిపేరును పొరబడి ఒక తరాన్ని తప్పుగా కలిపినచో అటువంటి పరిశీలన కూడా తప్పుదారి పడుతుంది.