కారు 'మిస్సింగ్' కొడుతోందా? కోడ్ కనిపించగానే పార్టులు కొనకండి

కిందటి నెల నాన్న కారులో హైదరాబాద్ వస్తున్నాం. టోల్ గేట్ దగ్గర ఆగితే స్టీరింగ్ వణకడం మొదలైంది. కదిలాక చూస్తే పికప్ లేదు, చెక్ ఇంజన్ లైట్ వెలిగింది. మర్నాడు షెడ్డులో చూపిస్తే నాలుగు కాయిల్స్, నాలుగు ప్లగ్‌లు, ఇంజెక్టర్ క్లీనింగ్ కలిపి 14 వేలన్నారు. "అన్నీ మార్చేస్తే పోతుందిలే బాబూ" అన్నాడు మెకానిక్. బగ్ ఎక్కడుందో తెలీకుండా ఫోన్ ఫార్మాట్ చేసినట్టుంది ఈ పద్ధతి. నా బ్లూటూత్ ఓబీడీ డాంగిల్ బయటికి తీశాను.

కోడ్ ఏం చెబుతుంది?

పెట్రోల్ ఇంజన్‌లో ప్రతి సిలిండర్‌కీ మూడు కావాలి: సరైన గాలి-పెట్రోల్ మిశ్రమం, కంప్రెషన్, టైముకి స్పార్క్. ఒక్కటి తప్పినా ఆ సిలిండర్ సరిగ్గా మండదు. అదే మిస్‌ఫైర్, మన షెడ్డు భాషలో మిస్సింగ్.

ఈసీయూకి సిలిండర్ లోపలేం జరుగుతుందో కనిపించదు. క్రాంక్‌షాఫ్ట్ సెన్సర్ ఇచ్చే స్పీడు మాత్రమే చూస్తుంది. నాలుగు సిలిండర్ల ఇంజన్‌లో ప్రతి అర చుట్టుకీ ఒక సిలిండర్ క్రాంక్‌ని తోయాలి. ఎవరి వంతులో స్పీడు కాస్త తగ్గిందో చూసి కోడ్ రాసుకుంటుంది. పీ0301 అంటే ఒకటో సిలిండర్, పీ0302 అంటే రెండోది. పీ0300 అయితే ఫలానా సిలిండర్ అని తేల్చలేదన్నమాట.

మా కారులో వచ్చింది పీ0302. దానర్థం "రెండో సిలిండర్ తన వంతులో తోయలేదు" అని మాత్రమే. కాయిల్ పోయిందని కాదు. ఎర్రర్ లాగ్‌లో క్రాష్ అయిన లైన్ కనిపిస్తుంది, కారణం మనమే వెతకాలి. ఇదీ అంతే.

ముందు లైట్ చూడండి

లైట్ నిలకడగా వెలుగుతుంటే మెల్లగా ఇంటికి వెళ్లి చెక్ చేసుకోవచ్చు. ఆరుతూ వెలుగుతుంటే మాత్రం యాక్సిలరేటర్ వదిలేసి, సేఫ్‌గా పక్కన ఆపండి. కాలని పెట్రోల్ సైలెన్సర్ లైన్‌లోని క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి వెళ్లి మండుతుంది. అది విపరీతంగా వేడెక్కి పాడైతే ఖర్చు కాయిల్ ధరకి ఎన్నో రెట్లు.

ఏం కావాలి?

ఈఎల్ఎం327 రకం డాంగిల్, ఫోన్‌లో టార్క్ లాంటి యాప్ చాలు. 16 పిన్నుల పోర్ట్ సాధారణంగా స్టీరింగ్ కింద ఉంటుంది. మన దేశంలో బీఎస్4 కార్లకి 2013 ఏప్రిల్ నుంచి ఓబీడీ2 తప్పనిసరి. ఐఫోన్ ఉన్నవాళ్లు వైఫై లేదా బ్లూటూత్ ఎల్ఈ డాంగిల్ తీసుకోవాలి, పాత బ్లూటూత్‌వి దానికి కనెక్ట్ కావు.

ఒక్కసారికి ఒక్కటే మార్చండి

1. కోడ్‌నీ, ఫ్రీజ్ ఫ్రేమ్‌నీ స్క్రీన్‌షాట్ తీసుకోండి. కోడ్ పడ్డప్పుడు ఆర్‌పీఎం, ఇంజన్ వేడి, లోడ్ ఎంతున్నాయో ఫ్రీజ్ ఫ్రేమ్‌లో ఉంటుంది. క్లియర్ కొడితే ఇదంతా పోతుంది.

2. ఇంజన్ ఆపి, చల్లారనిచ్చి, రెండో సిలిండర్ కాయిల్‌ని మూడో దానికి, మూడో దాన్ని రెండో దానికి మార్చండి. మిగతావేవీ ముట్టుకోవద్దు. ప్రతి ప్లగ్ మీదా విడిగా కాయిల్ ఉన్న కార్లకే ఈ పద్ధతి.

3. కోడ్ క్లియర్ చేసి, కొంచెం దూరం నడిపి మళ్లీ స్కాన్ చేయండి. ఇప్పుడు పీ0303 వస్తే దొంగ కాయిలే. పీ0302 అలాగే ఉంటే కాయిల్ మంచిదే, ఇదే పద్ధతిలో ప్లగ్‌లు మార్చి చూడండి.

4. అప్పటికీ రెండో సిలిండర్‌లోనే ఉంటే వైరింగ్, ఇంజెక్టర్, కంప్రెషన్ చూడాలి. ఇక్కడి నుంచి మెకానిక్ పని. కానీ ఏం చెక్ చేయాలో మీరు చెప్పగలరు.

పీ0300 వస్తే అన్ని సిలిండర్లకీ కామన్‌గా ఉండేవి అనుమానించాలి. యాప్‌లో ఫ్యూయల్ ట్రిమ్ చూడండి. ఐడిల్‌లో ప్లస్ 10 శాతం దాటి ఉండి, 2500 ఆర్‌పీఎంకి తీసుకెళ్తే తగ్గిపోతుంటే ఎక్కడో గాలి లీక్ ఉండొచ్చు. స్పీడు, లోడ్ పెరిగేకొద్దీ ట్రిమ్ కూడా పెరుగుతుంటే పెట్రోల్ సరఫరా వైపు, అంటే పంప్, ఫిల్టర్ చూడాలి.

మరి మా కారు?

కాయిల్స్ అటూ ఇటూ మార్చి కాలనీ చుట్టూ రెండు రౌండ్లు వేశాం. పీ0303 వచ్చింది. ఒక్క కాయిల్ కొన్నాం, రెండు వేల చిల్లర అయింది. వణుకు పోయింది. "ఆ డాంగిల్ కారులోనే ఉంచెయ్" అన్నారు నాన్న. ఉంచా, కానీ పోర్ట్‌లో కాదు, గ్లోవ్ బాక్స్‌లో. గుచ్చి వదిలేస్తే కారు ఆపినా అది కరెంట్ తీసుకుంటూనే ఉంటుంది. రోజుల తరబడి బండి తీయకపోతే బ్యాటరీ దిగిపోతుంది.