విదేశాంగ మంత్రి

ఇతర దేశాలతో మన తరఫున మాట్లాడేది, రాయబార కార్యాలయాలను నడిపించేది విదేశాంగ మంత్రి. 1946 నుంచి 1964లో కన్నుమూసే దాకా నెహ్రూ ఈ శాఖను తన దగ్గరే ఉంచుకున్నారు.

మన బెల్లంపల్లికి ఇదేమీ దూరపు పదవి కాదు. గోదావరి అవతలి మంథని నుంచి 1957లో తొలిసారి శాసనసభకు గెలిచిన పీవీ నరసింహారావు 1980-84లో, మళ్లీ 1988-89లో విదేశాంగ మంత్రిగా చేశారు. 1983 మార్చిలో ఢిల్లీలో అలీనోద్యమ శిఖరాగ్ర సదస్సు జరిగినప్పుడు ఆ శాఖ ఆయనదే. స్పానిష్ సహా ఎన్నో భాషలు వచ్చిన ఆయనకు అంతకన్నా తగిన కొలువు లేదనిపిస్తుంది.

మన ప్రాంతం నుంచి గల్ఫ్‌కు పోయేవాళ్లకు పాస్‌పోర్టు ఇచ్చేదీ ఈ శాఖే. పది పాసవనివాళ్ల పాస్‌పోర్టు మీద 'ఈసీఆర్' (వలస తనిఖీ అవసరం) అని ఉంటుంది. వాళ్లు గల్ఫ్‌లో పనికి పోవాలంటే ముందుగా వలస అనుమతి తీసుకోవాలి. 2016లో ప్రవాస భారతీయ వ్యవహారాల శాఖ ఇందులోనే కలిసింది. కఫీలు (అక్కడ పనిలో పెట్టుకున్న యజమాని) జీతం ఎగ్గొట్టినా, అక్కడ చనిపోయినవారి శవపేటిక ఇంటికి రావాలన్నా రాయబార కార్యాలయమే దిక్కు. శిఖరాగ్ర సదస్సుల ఫొటోలకన్నా ఈ పని ఎంత త్వరగా జరిగిందన్నదే మన ఇళ్లకు ముఖ్యం. ఏజెంటుకు పైసలు కట్టే ముందు అతనికి లైసెన్సు ఉందో లేదో ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూసుకోవచ్చు.