మీకు తెలుసా? చుక్క మారితే అర్థం మారుతుంది

టెక్కలికి పడమట, వంశధార ఒడ్డున ఉన్న శ్రీముఖలింగం గుడి శాసనాల్లో కామాలు, ఫుల్‌స్టాపులు కనిపించవు. పాత శాసనాల్లో మాటల మధ్య ఖాళీ కూడా సాధారణంగా ఉండదు. ఎక్కడ ఆగాలో చదివేవాడే పోల్చుకోవాలి.

● శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29న పుట్టిన గిడుగు రామమూర్తి, ఆ శాసనాలను చదవడం సొంతంగా నేర్చుకున్నారు. ఆయన పుట్టినరోజే తెలుగు భాషా దినోత్సవం.

● పద్యానికి ఛందస్సే హద్దు చూపుతుంది. వచనంలో ఆ పని ఎక్కువగా క్రియది: ‘వచ్చాడు’, ‘కొన్నాడు’ అనగానే వాక్యం ముగిసిందని తెలిసిపోతుంది. పాత రాతల్లో నిలువు గీతలూ కొంత సాయపడేవి. కామా, ఫుల్‌స్టాపు అచ్చు పుస్తకాలతో స్థిరపడ్డాయి.

● మరి చుక్క ఎందుకు? ‘పలాస వస్తాను రేపు జీడిపప్పు కొంటాను’ చదవండి. ‘రేపు’కు ముందు చుక్క పెడితే కొనడం రేపు. తర్వాత పెడితే రావడం రేపు. చుక్కే లేకపోతే కన్ను వెనక్కి వెళ్లి మళ్లీ చదవాలి.

ఈసారి వాట్సాప్‌లో కబురు పంపే ముందు ఒక్క చుక్క పెట్టి చూడండి.