పాలు, నెయ్యి వద్దనే అతిథికి బెంగుళూరులో ఫలహారం

ఈ మధ్య మన ఇండ్లకు వచ్చే చుట్టాలలో ఒక కొత్త తరగతి వారు కనిపిస్తున్నారు. మాంసం ముట్టరు, అది మనకు కొత్త కాదు. పాలు, పెరుగు, వెన్న, నెయ్యి కూడా ముట్టరు. తేనె సైతం వద్దంటారు. ఇంగ్లండులో డొనాల్డ్ వాట్సన్ అనే ఆయనా, ఆయన స్నేహితులూ 1944లో ఇటువంటి వారి కోసం 'వీగన్' అనే మాటను కల్పించి, ఆ పేరుతో ఒక సంఘం కూడా పెట్టారు. మాట పుట్టింది అక్కడే అయినా, మనిషి మాత్రం మన మేనకోడలో, మన అక్కయ్యగారి అబ్బాయో అయి, మన ఇంటిలోనే విస్తరి ముందు కూర్చుంటున్నాడు. అతన్ని ఊరు చూపించటానికి తీసుకుపోయినప్పుడు ఏమి తినిపించాలి? ఇదీ ప్రశ్న.

వద్దనే వారందరూ ఒకే కారణంతో వద్దనరు. పశువుల మీది జాలితో మానినవారు కొందరు. పాలలోని చక్కెర అరగక, తాగితే కడుపుబ్బరంతో బాధపడేవారు కొందరు. మూడవ రకం వారికి పాలలోని మాంసకృత్తే పడదు. పొరపాటున పాలు పడితే మొదటివారికి మనసు కష్టపడుతుంది, రెండవవారికి కడుపు కష్టపడుతుంది, మూడవవారికి ప్రాణం మీదికే రావచ్చు.

అనంతపురం నుంచి వేసవి సెలవులకు వచ్చిన మా బంధువుల పిల్లవాడొకడు ఈ మూడవ రకం. ఒక హోటలులో వాడి కోసం వెన్న లేకుండా దోసె అడిగాము. సప్లయరు సరేనన్నాడు, దోసె మీద వెన్న వేయనూలేదు. కాని అంతకు ముందు అదే పెనం మీద పది వెన్న దోసెలు కాలి ఉన్నవి. సగం దోసె తినేసరికి పిల్లవాడి పెదవులు వాచినవి, మెడ నిండా దద్దుర్లు. ఆటోలో వేసుకొని ఆసుపత్రికి పరుగెత్తాము. సూది వేయించిన గంటకు వాడు నవ్వాడు గాని, వాళ్ళ అమ్మ ముఖంలో రంగు సాయంత్రానికి గాని రాలేదు. నాటి నుంచి మేము హోటలులో అడుగు పెడితే ఫలహారాల పట్టిక కంటె ముందు పెనం వైపు చూస్తున్నాము.

'శుద్ధ శాకాహారం' అన్న బోర్డు ఈ విషయంలో పనికిరాదు. ఆ బోర్డు మాంసానికి తలుపు మూస్తుంది గాని పాలకు తెరిచే ఉంచుతుంది. పొట్లాల మీది పచ్చ చుక్కా అంతే. ఉల్లి, వెల్లుల్లి లేని భోజనం అడిగితే నెయ్యి మరికాస్త ఎక్కువే పడుతుంది. మన ఏకాదశి ఫలహారమే పాలూ పండ్లూ కదా! వీగన్ పదార్థాలకంటూ మన దేశంలో ప్రత్యేక నిబంధనలు 2022లో వచ్చినవి. పొట్లం మీద ఆకుపచ్చ 'వి' అక్షరపు గుర్తు ఉంటే ధైర్యంగా కొనవచ్చు. అయితే గుర్తు పొట్లానికేగాని, పొగలు కక్కే ప్లేటుకు ఎవరు వేస్తారు?

పర దేశంలో అయినా చిక్కు ఇటువంటిదే. బెంగుళూరు నుంచి బ్యాంకాకుకు నేరుగా విమానాలుండటం వల్ల మన వారు థాయ్‌లాండుకు తరచుగా పోయివస్తున్నారు. అక్కడ శాకాహారాన్ని 'మంగ్సవిరాత్' అంటారు. నాలుక తిరగని మాట అనుకోకండి, అది మన 'మాంసవిరతి'యే! కాని ఆ మాటలోనూ గుడ్డుకూ పాలకూ చోటున్నది. అవి కూడా లేని తిండిని 'జే' అంటారు. ఇది చీనావారి నుంచి వచ్చిన మాట. పసుపు గుడ్డ మీద ఎర్ర అక్షరం కనిపిస్తే చాలు, ఆ అంగడిలో మాంసం, చేప, గుడ్డు, పాలు, చివరకు ఉల్లి వెల్లుల్లి కూడా ఉండవు. త్రంగ్ వంటి చిన్న పట్టణంలో సైతం చీనా పంచాంగపు తొమ్మిదవ నెలలో తొమ్మిది రోజుల ఉత్సవానికి వీధుల నిండా ఈ జెండాలు కడతారు. మిగతా రోజులలో భయమల్లా పాలతో కాదు, వారి కూరలలో పోసేది కొబ్బరిపాలే. భయం చేపల పులుసు నీటితోను, రొయ్యల ముద్దతోను. పచ్చి బొప్పాయి కోరును మన ఎదుటనే రోటిలో దంచి ఇస్తారు గనుక చేపల నీరు వద్దంటే మానుతారు. కూరకు వేసే మసాలా ముద్దలో మాత్రం రొయ్యలు ముందే నూరి ఉంటాయి. ఎంత బతిమాలినా వాటిని బయటికి తీయలేరు.

మా చేతికి కొలబద్ద అక్కడే దొరికింది. నెయ్యి గిన్నెలో పడుతున్నదా, విస్తరిలో పడుతున్నదా? బెంగుళూరులో అడగవలసినది ఇదొక్కటే.

రవ్వ ఇడ్లీ సంగతి చూడండి. యుద్ధకాలంలో బియ్యం దొరకని రోజులలో తామే దాన్ని కనిపెట్టామని ఎం.టి.ఆర్. వారు చెప్పుకొంటారు. కరువులో పుట్టిన ఇడ్లీయే అయినా పిండిలోనే పెరుగు కలుస్తుంది, కనుక మన అతిథికి పనికిరాదు. బిసిబేళె బాత్, కేసరి బాత్, మైసూరు పాకు, అన్నీ ఇదే దారి. ఖారా బాత్ అడిగి తెలుసుకోవలసినది. మామూలు ఇడ్లీ, ఉద్దిన వడ నిర్భయం. తట్టె ఇడ్లీ మీద మాత్రం బిడది పద్ధతిలో వెన్న ముద్ద పెట్టకముందే చేయి అడ్డం పెట్టాలి. పుళియోగరె, చిత్రాన్నం నూనెతో చేసేవి. రాగిముద్ద, బస్సారు దొరికితే మరి వెతకనక్కరలేదు. కోలారు, చిత్తూరు వైపు నుంచి వచ్చిన మన కుటుంబాల పెద్దలు ఏ పేరూ పెట్టకుండా సంవత్సరంలో చాలా రోజులు తిన్నది ఈ సంగటే. నెయ్యి పండుగకు వచ్చే చుట్టం, అంతే. కార్తీకంలో బసవనగుడి కడలెకాయి పరిషెలో వేరుశనగ, చలికాలంలో అనపగింజల గుగ్గిళ్ళు, వీటికి ఎవరినీ ఏమీ అడగనక్కరలేదు. కాఫీ మాత్రం కష్టం. పాలు లేని డికాక్షను అడిగితే కాఫీ పోసేవాడు మనకేదో జబ్బు చేసినట్లు జాలిగా చూస్తాడు.

అడగటంలోనూ ఒక మెలకువ ఉన్నది. 'పాల పదార్థాలు వద్దు' అంటే ఎవరికీ ఎక్కదు. నెయ్యిని వారు పాలలో లెక్కించరు. 'తుప్ప బేడ, బెణ్ణె బేడ, మొసరు బేడ' అని పేరు పేరునా చెప్పాలి. ఆ సందడిలో 'బెణ్ణె బేడ, ఎణ్ణె హాకి' అంటే, వెన్నకూ నూనెకూ ఒక్క అక్షరమే తేడా గనుక, సగంసార్లు తారుమారై వస్తుంది. 'ఎణ్ణె' మాట ఎత్తకుండా ఉండటమే మేలు. నెయ్యి పేరుతో దాల్డా పోసే హోటలులో మన అతిథి నియమం తనకు తెలియకుండానే నిలుస్తుందనుకోండి. ఆరోగ్యం మాట వేరు.

మన ఆంధ్ర భోజన హోటళ్ళు ఈ పరీక్షలో బాగానే నెగ్గుతాయి. పప్పు, పులుసు, గోంగూర పచ్చడి, కందిపొడి అన్నీ ముందు వస్తాయి, నెయ్యి గిన్నె వేరొకరి చేతిలో వస్తుంది, పెరుగు చివరకు గాని రాదు. పొడిలోకి నువ్వులనూనె అడిగితే లోటే తెలియదు. పప్పు తాలింపు నూనెతోనా నెయ్యితోనా అన్నది మాత్రం కనుక్కోవాలి.

కష్టమల్లా ఇంటిలోనే. అన్నం మీద అభిఘారం లేకుండా భోజనం మొదలుపెట్టటం మన పెద్దలకు రుచించదు. నెయ్యి గరిటె ఎత్తిన అమ్మమ్మకు మనుమరాలు చేయి అడ్డం పెడితే, వద్దన్నది నెయ్యినే అయినా, కాదన్నది తననే అని ఆమెకు తోస్తుంది. మా ఎరుకలో ఒక ఇంట ఈ కారణం చేతనే మనుమరాలు రెండేండ్లు పండుగకు రావటం మానుకున్నది. మూడవ ఏట ఆ పెద్దావిడే నువ్వుగానుగ నూనె తెప్పించి, ఆ చుక్క తానే అన్నం మీద వేసినది. శాస్త్రం ఒప్పుతుందా అని పక్కింటివారు అడిగితే, 'పిల్ల ఒప్పింది చాలు' అన్నదట.

మన సంఘం ఉగాది భోజనాల వంటవారితో మాట్లాడే సభ్యులకు ఒక మనవి. ఉగాది పచ్చడిలో పాల చుక్క లేదు, పులిహోరలో లేదు. బొబ్బట్లు కొన్నిటిని వేరే పెనం మీద నూనెతో కాల్పించి, వేరే పళ్ళెంలో పెట్టించండి. పప్పులో నెయ్యి వంటశాలలో కలపనీయక, గరిటెతోనే వడ్డింపించండి. పాయసం ఒక గిన్నెడు కొబ్బరిపాలతో, బెల్లంతో చేయించితే మన కోనసీమ వారు కూడా ఆ గిన్నె వైపే జరుగుతారని మా అనుమానం.