బాణం మెలికలు తిరుగుతూ ఎందుకు వెళ్తుంది?

పాతకాలపు చెక్క విల్లుకు బాణం సంధించినప్పుడు నారి సరిగ్గా మధ్యలో ఉంటుంది. బాణమేమో విల్లు కర్రకు ఒక పక్కగా ఆనుకుని ఉంటుంది. అంటే దాని మొన గురికి కాస్త పక్కకు చూస్తోందన్నమాట! మరి సూటిగా ఎలా తగులుతుంది?

వదలగానే నారి వెనక నుంచి బలంగా తోస్తుంది. ఆ తోపుకు బాణం చేపలా మెలిక తిరిగి, విల్లు కర్రను తప్పించుకుంటూ జారిపోతుంది. ఆ తర్వాతే గాల్లో క్రమంగా తిన్నగా అవుతుంది. కంటికి అందని ఈ విన్యాసాన్ని 1930లలో క్లారెన్స్ హిక్‌మన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త హైస్పీడ్ కెమెరాతో పట్టి చూపించాడు. ఎంత అందమైన విషయమో!

బాణం వంగే తీరు విల్లు బలానికి సరిపడాలి. అందుకే ప్రతి విల్లుకూ తగిన బాణం వెతుక్కోవాలి. చెక్క బాణాన్ని 26 అంగుళాల ఎడంలో ఉన్న రెండు ఆధారాల మీద పెట్టి, నడిమధ్యన 2 పౌండ్ల బరువు వేలాడదీసి, ఎంత వంగిందో కొలుస్తారు. 0.52 అంగుళం వంగితే అది సుమారు 50 పౌండ్ల బలంతో లాగాల్సిన విల్లుకు జోడీ. కుడిచేతి వాటం వారికి బాణం మరీ బిరుసైతే ఎడమకు, మరీ మెత్తనైతే కుడికి పోతుంది. బాణం పొడవు పెరిగినా, ములికి బరువెక్కినా వంపు ఎక్కువవుతుంది.

కొత్తవాళ్లు 20 పౌండ్ల దగ్గర్లోని తేలిక విల్లుతో, శిక్షకుల ఎదుటే మొదలుపెట్టాలి. బాణం లేకుండా నారి లాగి వదలకూడదు. ఆ శక్తంతా విల్లు మీదే పడి అది విరిగిపోవచ్చు.